గడియ ఎటువైపు

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇరిగేషన్ సెక్షన్లో ట్రేసర్ని.
వంశధార కాలవలకి తూములు గీశాను,
తూములకి తలుపులు గీశాను.
నీళ్ళకి వాలు ఇస్తే చాలు,
ముందు ఎవరి పొలానికని అవి అడగవు.

ఇప్పుడు గుణుపురంలో, స్టేషన్ వెనక,
ఆరు డిసిమిల్ల నేల.
పట్టా ఒడియాలో ఉంది, పేచీ తెలుగులో.
దాలమ్మక్క వాళ్ళు నలుగురు, మేం అయిదుగురం.
అమ్మ ఎవరి లెక్కలోనూ లేదు,
రెండు లెక్కల్లోనూ ఉంది.

మొదటి బొమ్మకి అక్క పెట్టిన వంక మెట్లు.
"నా మోకాళ్ళు నీ స్కేలు మాట ఇనవురా."
సరే, అక్క కింద. ఢిల్లేశు, హైమ పైన.
మెట్లు బయట పెడితే వానకి తడుస్తాయి.
లోపల పెడితే,
రైలు గేటు డ్యూటీ దిగి రాత్రి రెండింటికి వాడు
మా నిద్రలోంచి ఎక్కాలి.
చెరిపాను. గీశాను.
చెరిపినచోట కాగితం పల్చబడింది,
అక్కడే వచ్చాయి చివరికి మెట్లు.

వంటిళ్ళు రెండు. అందులో వాదం లేదు.
మార్గశిర గురువారం కుంతల
ఉల్లిపాయని గడప తొక్కనివ్వదు.
ఎండు నెత్తళ్ళు వేగని గురువారం
అక్కకి వారంలో జమ కాదు.
వీపూ వీపూ ఆనించి గీశాను రెండిటినీ,
మధ్యన తొమ్మిదంగుళాల గోడ.
"మరి కూర గిన్నె ఎలాగెళ్తాది?"
అడిగింది ఆ నెత్తళ్ళ అక్కే.
గోడలో ఒక తూము పెట్టాను,
గిన్నె పట్టేంత, చెయ్యి పట్టేంత,
కోపం వస్తే మూసుకునేంత.

లఖణ మిస్త్రీ అడిగాడు: గడియ ఎటువైపు?

తూము తాళం లస్కరు దగ్గరుంటే
ఊరంతా లస్కరుకి దణ్ణం పెట్టడం చూశాను.
పెన్సిల్ చెవి మీద పెట్టుకుని
టీకి వెళ్ళిపోయాను.

కుంతల బెంగ వేరు.
బియ్యప్పిండితో వీధి నుంచి పూజగది దాకా
లక్ష్మి పాదాలు దిద్దే మనిషి.
రెండు వాకిళ్ళయితే
ఆవిడ ఏ వాకిట ఆగి ఆలోచిస్తుందని.
నా దగ్గర దానికి స్కేలు లేదు.

అమ్మకి నడిమి గది ఇచ్చాను,
అటొక తలుపు, ఇటొక తలుపు.
మూరలతో కొలిచింది తను, చేతికర్రతో కొలిచింది,
మంచానికి గోడ మిగల్లేదు.
"ఇది గది కాదురా, దారి."
మారుస్తానన్నాను.
"ఉండనీ. పడుకున్నోళ్ళని దాటకూడదంటారు గానీ
నన్ను దాటుకునే తిరగండి.
ఎవులు ఎవులింటికెళ్తన్నారో నాకు తెలవాల."
మూడడుగుల తలుపు చాలదన్నాడు మిస్త్రీ.
ఎందుకని ఎవరం అడగలేదు.
అమ్మే నవ్వింది:
"నలుగురు పట్టాల కదరా,
అటిద్దరు, ఇటిద్దరు."
నాలుగడుగులు రాశాను.
అంకె వంకరగా వచ్చింది, దిద్దలేదు.

ఓ మధ్యాహ్నం నేను కునుకు తీస్తే
మా మనవరాలు ఇతిశ్రీ ప్లాను మీద కూచుంది.
లేచి చూస్తే
చీమలంత పాదాలు,
అక్క వాకిట్లో మొదలై, అమ్మ మంచం కిందుగా,
నెత్తళ్ళ వంటింట్లోకి,
అక్కణ్ణించి తూములో దూరి
మా పూజగదిలో తేలాయి.
మైలపడతాయని నాన్నమ్మ అంటుందేమో అన్నాను.
"కడుక్కుని వస్తుందిలే" అంది.

అసలు నకలు తీసేటప్పుడు
ట్రేసర్ చెయ్యి ఉన్న గీతని వదలదు.
పాదాలు కూడా ఎక్కాయి.
మున్సిపాలిటీ బల్ల మీద గుమాస్తా
కళ్ళద్దాలు నుదుటికి తోసి, వేలు పెట్టి,
"ఎటా కొణొ?" అన్నాడు.
కాలవ బొమ్మల్లో బాణం గుర్తులుంటాయి,
అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది:
ప్రవాహ దిశ.
ముద్ర వేశాడు.

పునాదిలో ఇప్పుడు వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి.
వంటింటి గోడ ఇంకా నా మోకాలెత్తే.
దాని మీద కూచుని అక్కా కుంతలా
ఒకే పళ్ళెంలో మరమరాలు తింటున్నారు,
ఒకరి కాళ్ళు అటు, ఒకరి కాళ్ళు ఇటు.

గడియ ఇంకా కొనలేదు.