పొట్లం విప్పాక

కిసుము బస్టాండు వెనక, మందుల షాపు మేడ మీద
నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను.
కాగితానికి పది షిల్లింగులు.
ఉద్యోగం కావలసిన వాళ్లంతా ఈ మెట్లెక్కే వస్తారు
ఆయాసంతో, ఇస్త్రీ చొక్కాతో,
తెర అద్దమైనట్టు తల సవరించుకుంటూ.

వాళ్లు వెళ్లిపోతారు. వాళ్ల ఫైళ్లు వెళ్లవు.
రాత్రి షట్టరు దించే ముందు చూస్తే
గుమ్మంలో మరిచిపోయిన చెప్పుల్లా వరసగా
"ఒటియెనో కొత్తది", "ఒటియెనో మరీ కొత్తది",
"ఇదే ఆఖరుది",
"నిజంగా ఇదే ఆఖరుది".

నేను చదవను. అంటే, చదవకూడదనుకుంటాను.
కళ్లకు గడియ ఉండదుగా.
ఎవరు ఏ పని ఎందుకు మానేశారో,
ఎవరికి ఎందరు పిల్లలో, ఎవరి కాపురం చెదిరిందో,
ఏ చర్చికి వెళ్తారో, ఏ వీధిలో నీలం గేటో
అడగని వాళ్లకి కూడా చెప్పేసుకుంటారు.
గడి ఖాళీగా వదిలితే
ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు, వాళ్లు నొచ్చుకుంటారన్నట్టు.

ఒక మంగళవారం క్వాంబోకా వచ్చింది.
చేపల ఫ్యాక్టరీ మూతపడేదాకా
తొమ్మిదేళ్లు కాటా దగ్గర నిలబడ్డ మనిషి.
మొంబాసాలో ఓడల కంపెనీ అట. జీతం రెట్టింపట.
గుర్తింపు కార్డు రెండు వైపులా పంపమన్నారట,
బ్యాంకు ఖాతా, అమ్మ పుట్టింటి పేరు కూడా,
ఇంటర్వ్యూ కన్నా ముందే.
"పెద్ద కంపెనీ కదా, అడుగుతారు" అంది.
స్కానరు మూత ఎత్తింది నేనే.
నలభై షిల్లింగులు తీసుకున్నాను.
ఈ లైను రాయకుండా దాటేద్దామని చాలాసేపు చూశాను.

రెండు వారాలకి మళ్లీ మెట్లెక్కింది.
ఉద్యోగం లేదు, అసలు ఆ కంపెనీయే లేదు.
ఆమె పేరు మీద ఎవరో అప్పు తీసుకున్నారు.
రాత్రి పదకొండింటికి ఒక మగ గొంతు ఫోను చేసి
"నీలం గేటు మీదేనా?" అని అడిగి పెట్టేస్తోంది.
ఏడవలేదు.
"ఎక్కడ పడేసుకున్నానో చూపించు" అంది,
తాళంచెవి పోగొట్టుకున్నదాన్లా నేలంతా చూస్తూ.

ఏం చూపించను?

ఆ సాయంత్రం సరస్సు ఒడ్డున, దుంగా దగ్గర,
మామా పెసిలా బుట్టలోంచి వేయించిన పల్లీలు కొన్నాను.
తినేసి పొట్లం విప్పాను,
అడుగున మిగిలిన ఉప్పు వేలికి అద్దుకుందామని.
ఉప్పు కింద ఒక పుట్టినతేదీ.
ఒక ఫోను నంబరు.
నూనె మరకలో సగం ఫొటో, ఒకే కన్ను, నా వైపు.
పేజీకి అడ్డంగా సన్నటి బూడిదరంగు గీత.
ఆ గీత నా ప్రింటరుదే.
తప్పుపడిన కాగితాలు పెసిలాకి కిలో లెక్కన అమ్మేదీ నేనే.

మర్నాడు క్వాంబోకాని కూర్చోబెట్టాను.
బ్యాంకుకి ఒక ఉత్తరం, పోలీసులకి ఒకటి. డబ్బు తీసుకోలేదు.
తర్వాత ఆమె దరఖాస్తు తెరిచి
చేపకు పొలుసు గీసినట్టు మొదలుపెట్టాం.
ఇంటి నంబరు పోయింది. నాన్న పేరు పోయింది.
తెగ, మతం, పుట్టినరోజు, కార్డు అంకెలు.
"ఫొటో ఉండనివ్వవా? బాగా పడ్డాను" అంది.
కాసేపాగి తనే తీసేసింది.
చివరికి రెండు వాక్యాలు:
తొమ్మిదేళ్లు కాటా దగ్గర పని చేశాను.
ఒక్క గ్రాము తేడా రాలేదు.

"ఇంతేనా నేను?" అంది తెర వైపు వంగి.
మళ్లీ చదువుకుంది, పెదాలు కదుపుతూ.
"రెండోది కొంచెం లావు అక్షరాల్లో కొట్టు."

ఇప్పుడు రోజూ షట్టరు దించేముందు
ఆ చెప్పులన్నీ ఊడ్చేస్తాను, చెత్తబుట్టతో సహా.
కాగితాలు చింపి తడిపి ముద్ద చేస్తాను.
పెసిలాకి పాత వార్తాపత్రికలు ఇస్తున్నాను.
పల్లీలకి సిరా అంటుకుంటోందని
సణుగుతూనే తీసుకుంటోంది.