ఒక్క అక్షరం

మత్ర చేపల మార్కెట్ షట్టరు
తెల్లారగట్ల నాలుగింటికి లేస్తది.
కనద్ చేపల తలకాయలు, మొప్పలు, పేగులు
నల్ల కవర్ల పట్టుకొని గోడెంబడి నడుస్త.
పిల్లులు నా బూట్ల చప్పుడు గుర్తుపడ్తయి.
అండ్ల ఒకటి పెద్దది, చెవి చినిగింది.
పని చెయ్యది, పనిచేసేటోళ్లను చూసుకుంట కూసుంటది
అందుకే దానికి ముదీరని పేరు పెట్టినం.

ఆరింటికి రువీల జంతువుల క్లినిక్కు తుడుస్త.
ఏడేండ్ల సంది ఇదే తొవ్వ.

ఎండలు ముదిరినంక
కుర్మ్ గుట్ట మీది విల్లా నుంచి తెల్లటి పిల్ల వచ్చింది.
వారం కింద గోర్లు కత్తిరిచ్చుకొని పోయిన పిల్లే.
గడప దాటి ఎరగదు, ఏసీ గాలి తప్ప వేరే గాలి ఎరగదు.
నీళ్లగిన్నె మీద తల వాల్చి
తాగకుంట, లేవకుంట, అట్లనే కూసున్నది.
డాక్టర్ ఇల్హామ్ రక్తం చూసింది.
తెల్లకణాలు లేవు.
వాచ్‌మన్ లేని గేటు.

మూడోనాడు మార్కెట్ల, మంచుడబ్బాల ఎనక
ఐదు పిల్లులు.
ముదీర్ ఆఖరికి పోయిండు.

"ఐదువేల అక్షరాలు, అంతే" అన్నది డాక్టరమ్మ.
నాలుగే అక్షరాలట, మళ్ల మళ్ల అవే.
ఒత్తుల్లేవు, గుణింతం లేదు.
పిల్లి పేగుల్ల దూరి
తన నకలు తనే తీపిచ్చుకుంటది.
లక్ష నకళ్లల్ల ఏడనో ఒకకాడ చెయ్యి జారుతది.
ఆ జారుడు ఇగ పోదు,
దాని పిల్లలకు, పిల్లల పిల్లలకు అదే రాత.
ఎన్నడో గట్లనే కొన్ని అక్షరాలు జారి
పిల్లుల రోగం కుక్కలింట్ల కాలువెట్టిందట.

ఇది నాకు చెప్పాల్నా?
నా పేరు ఓదెలు.
జగిత్యాల ఏజెంటు కాడ కంప్యూటర్ పిలగాడు
డి బొర్రను అటుదిప్పి బి కొట్టిండు.
పాస్‌పోర్టు మీద ఓబెలు, బతాకా మీద ఓబెలు,
జీతం చిట్టీ మీద, దవఖాన చీటీ మీద ఓబెలే.
దేవన్న బేవన్న అయిండు.
గాలా క్యాంపుల కొత్తోడెవడన్న పేరు చెప్తే
వాడు ఏ దుకాణం మెట్లెక్కి వచ్చిండో చెప్పగలుగుతం.
పేరు కాదు, తప్పే మా అడ్రసు.

డాక్టరమ్మ రెండు కాయిదాలు పక్కపక్కన పరిచింది.
మార్కెట్ పిల్లిది ఒకటి, విల్లా పిల్లది ఒకటి.
ఒక్క కాడ వేలు పెట్టింది.
ఇండ్ల ఎట్ల తప్పు పడ్డదో అండ్ల అట్లనే.
"ఒకే ఇంటివి ఇవి. మరి గుట్ట ఎట్ల ఎక్కినయి?"
గోడనడిగినట్టు అడిగింది.

నేను నా కాళ్ల దిక్కు చూసిన.

సగం అరబ్బీల, సగం హిందీల చెప్పిన.
కవర్లు, తలకాయలు, నాలుగింటి షట్టరు, బూట్లు.
ఆమె తిట్టలే.
ఫినాయిలుకు చావదట, సబ్బుకు చావదట,
బూటు అడుగున ఏడాది బతుకుతదట.
గడపల తట్ట పెట్టి బ్లీచింగ్ నీళ్లు పోసింది,
ముందుగాల తన చెప్పులే ముంచింది.

కరోనా నాడు మా క్యాంపు గేటుకు తాళమేసి
"మీరే తెచ్చిన్రు" అన్నోళ్లల్ల
ఒక్కడు ముంచిండా కాలు?

ఇప్పుడు నాకు రెండు జతలు.
మార్కెట్‌వి మార్కెట్ గోడకే ఉంటయి, దారంతోని కట్టేసి.

మంచుడబ్బాల ఎనక ఒక కూన మిగిలింది.
తల్లి కడుపుల ఉన్నప్పుడే రోగం తాకిందట.
చావలే గని నడక పోయింది,
లాంచి మీద నిలవడ్డట్టు ఊగుతది.
దానికి ఓబెలని పేరు పెట్టిన.

తలకాయ ముందట పెడ్త.
మూతి పెట్టబోయి పక్కన నేలను కొరుకుతది.
మళ్ల పడ్తది, మళ్ల లేస్తది.
నాలుగోసారికి అందింది.
నేను వంగి సాయం చెయ్యలే.
షట్టరు పూర తెరిచిన్రు, ఎల్తురు వచ్చింది,
అది తింటున్నది.