రెండో దెబ్బ

పెరంబూరు క్యారేజి షెడ్డులో
ముప్ఫై ఒక్క ఏళ్ళు బ్రేకులు బిగించాను.
ఆగడం కూడా ఒక పనేనని
నా అరిచేతులకు తెలుసు.
నోటికి తెలియదు.

మా వీధి చేతిపంపు దగ్గర
తెల్లవారి నాలుగున్నరకే బిందెల వరస.
పచ్చవి, నీలివి, అంచు విరిగిన నారింజది మాది.
ఆవేళ సెల్వమణి దాన్ని కాలితో పక్కకు నెట్టి
నా భాష పేరును తిరగేసి
ముఖాన కొట్టాడు.
ఈ ఊళ్ళో పుట్టిన తెలుగువాడికి కొత్త మాట కాదది,
బడిలో విన్నదే, బస్సులో విన్నదే.
అయినా చెయ్యి లేచింది.
స్పానరు పట్టి పట్టి కాయలు కాచిన చెయ్యి
అతని దవడకు జానెడు దూరంలో
ఆగింది.

ఎవరు ఆపారో చెప్పలేను.
ప్రార్థన చెయ్యలేదు. వాక్యం గుర్తు రాలేదు.
పంపు మూతినుంచి సిమెంటు మీద
చుక్క పడడం మాత్రం వినిపించింది.
బిందె తీసుకుని వరస చివరకు వెళ్ళాను.

గెలిచాననుకున్నాను.
ఆదివారం సాక్ష్యం చెబుదామనుకున్నాను కూడా,
తెల్లచొక్కా వేసుకుని, గొంతు కాస్త తగ్గించి.

రాత్రి రాహేలు లేచి లైటు వేసింది.
"ఎవరితో మాట్లాడుతున్నావు?"
సెల్వమణితో.
తెలుగులో ఒకటి, అరవంలో రెండు
(అరవం అంటే వాళ్ళకూ గుచ్చుకుంటుందని తెలిసే),
వాడి తండ్రి తాగుడు దగ్గర మొదలుపెట్టి
పడుకున్నచోటునుంచే వాణ్ణి పద్దెనిమిదిసార్లు పడగొట్టాను.
"అయితే చెయ్యి ఆగలేదన్నమాట,
లోపలికి తిరిగింది" అని
లైటు ఆర్పేసి అటు తిరిగి పడుకుంది.

చీకట్లో మోషే గుర్తొచ్చాడు.
అంత సాత్వికుడు భూమ్మీద లేడని పేరు.
ఆయనా నీళ్ళ దగ్గరే తప్పిపోయాడు.
చుట్టూ దాహం, సణుగుడు, ఖాళీ కుండలు.
బండతో మాట్లాడమంటే
కర్రెత్తి కొట్టాడు, ఒకసారి కాదు.
నీళ్ళు వచ్చాయి.
అదే నన్ను భయపెడుతుంది,
కోపానికీ నీళ్ళు వస్తాయి.
అందరూ తాగారు, పశువులతో సహా.
ఆయనకు మాత్రం దేశం పోయింది.

సాత్వికమంటే మెత్తదనమని
సండేస్కూల్లో అనుకునేవాణ్ణి,
గొర్రెపిల్ల బొమ్మకు దూది అంటించినట్టు.
షెడ్డులో నతానియేలు మేస్త్రీ అనేవాడు:
తోపుడుబండికి బ్రేకెందుకురా,
ఇంజను తగిలించుకున్నదానికే కావాలి.
ఆ మేస్త్రీయే ఒకనాడు
కాంట్రాక్టు కుర్రాడి కూలి కోసిన ఆఫీసరు ముందు
టోపీ తీసి, గొంతు పెంచకుండా,
కాగితం మీద సంతకం పడేదాకా
మూడు గంటలు నిలబడే ఉన్నాడు.
అన్నం డబ్బా తెరవలేదు.
తప్పుకోమంటే తప్పుకోలేదు.

బుధవారం పంపు గాలి మింగింది.
తోలు వాషరు అరిగిందని చప్పుడుకే తెలిసింది.
కార్పొరేషన్ మనిషి వచ్చేసరికి దీపావళి వెళ్ళిపోతుంది.
పాత చెప్పు కోసి, ముక్క నూనెలో నానబెట్టి
మూడున్నరకు పంపు మూత విప్పాను.
వెనకనుంచి టార్చి వెలుగు పడింది.
సెల్వమణి.
అతను ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
నట్టు ఒకటి జారితే కాలువలో చెయ్యి పెట్టి తీసిచ్చాడు.
నీళ్ళొచ్చాక
తన బిందెలే ముందు పెట్టుకున్నాడు.

సాత్వికులదే భూమి అంటారు చర్చిలో.
ఇంతవరకూ నాకు వచ్చిన వాటా
తడి సిమెంటు మీద
మా నారింజ బిందె అడుగు పట్టేంత గుండ్రం.
దాన్నీ రోజూ ఎవరో ఒకరు జరుపుతారు.

ఇవాళ ఇంకా నాలుగు కాలేదు.
చెయ్యి దిండు కింద ఉంది.
ఇవాళ్టి సంగతి సాయంత్రం అడగండి.