హంసపాదు

జిల్లా పరిషత్తు పాత గదిలో
చెదలు తినగా మిగిలిన మినిట్సు పుస్తకాలకి
నకళ్ళు తీయడం నా పని.
శ్రీకాకుళం ఎండ కిటికీ ఊచల్లోంచి పడి
ఒక పుట మీద ఆగింది:
ఉర్లాన కూర్మయ్య, ప్లీడరు, బోర్డు మెంబరు.
సంతకం తోక నాగావళి మలుపులా తిరిగింది.

మా తాత ఆయన దగ్గర గుమాస్తా.
ఫీజు కింద వచ్చిన గోగునార కట్టలు తూచి రాసుకున్నవాడు.
మొదటి కేసు ఓడినరోజు
మున్సిఫ్ కోర్టు మెట్లమీద కూర్చుని
ప్లీడరుగారు కోటు విప్పి, మడిచి,
మళ్ళీ తొడుక్కున్నారని చెప్పేవాడు.
గెలిచినవి ఏనాడూ చెప్పలేదు.

తర్వాత ఓట్లు. పసుపు పెట్టె ఆయనది.
ఎద్దుబండెక్కి నరసన్నపేట దాకా గొంతు పోగొట్టుకుని
రేవుకి కొత్త పడవ తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా.
పడవకి డబ్బు కావాలి కదా.
తీర్మానం నలభై ఒకటి:
వంశధార దాటే మనిషికి అర్ధణా, గంపకి ఒక కానీ.
ప్రతిపాదించినది కూర్మయ్య.
వ్యతిరేకించినవారు లేరు.

మరుసటి ఎన్నికలో పసుపు పెట్టె తేలిపోయింది.
మళ్ళీ నల్లకోటు,
మళ్ళీ వరండాలో చుట్టపొగ, కక్షిదారులు.
వాళ్ళలో దుమ్ము గవరమ్మ, చేపలమ్మి.
"నిండుగంపకి ఇచ్చినాను బాబూ.
తిరిగొచ్చినప్పుడు కాళీ గంపకీ ఇమ్మంతన్నాడు.
గాలికి కూడా పన్నేటి?"

రాసినవాడి ఉద్దేశం నిండుగంపేనని
కూర్మయ్య వాదించాడు.
అది మీకెలా తెలుసన్నాడు మున్సిఫ్.
వెనక బల్లమీద ఎవరో దగ్గారు.
"రాసింది నేనే."
"అయితే అప్పుడే రాయాల్సింది."

జుల్మానా రెండణాలు.
గవరమ్మ ఆయన్ని కట్టనివ్వలేదు,
కొంగుముడి విప్పి తనే లెక్కపెట్టింది.
మర్నాడు రేవులో
గంప నెత్తిన బోర్లించుకుని
"ఇది గంప కాదు నాయనా, గొడుగు" అందిట.
పాటదారు నవ్వి వదిలేశాడో,
నిజంగానే వానొచ్చిందో,
తాత ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు.

ఇదిగో నలభై ఒకటో తీర్మానం.
"గంప" ముందు, వరస కింద,
ఎర్రసిరాతో చిన్న హంసపాదు.
పైన ఒకే మాట: నిండు.
తేదీ లేదు. సంతకం లేదు.
బోర్డు ఒప్పుకున్న దాఖలా లేదు.

రాత కూర్మయ్యది కాదు.
సున్నాని అలా కోడిగుడ్డులా పొడుగ్గా చుట్టే చెయ్యి
నాకు అ ఆలు దిద్దించిన చెయ్యి.

దిద్దుబాట్లు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాలని నియమం.
ఎక్కించాను.
ఎవరు దిద్దారన్న గడిలో
'తెలియదు' అని రాసి
సిరా ఆరేదాకా చూశాను.