ఏడో రొట్టె

గ్రీమ్స్ రోడ్డు వెనక సందులో
లాడ్జి నాలుగో అంతస్తు వంటగది.
రెండే పొయ్యిలు. ఎవరి వంతు ఎప్పుడో
గోడకి అంటించిన కాగితం, దానిమీద చమురు మరక.
శుక్రవారం పొద్దున, మా ఆయన డయాలిసిస్‌లో ఉండే వేళ
పక్క పొయ్యి బొతాగోజ్‌ది.

కజకిస్తాన్ మనిషి. ఆ పేరు పలకడానికి
నాకు పది రోజులు పట్టింది.
ఒంటెపిల్ల కళ్లు అని అర్థమంట.
నిజమే, నిద్రలేక ఎర్రబడ్డాయి గానీ.

అప్పడాల కర్ర లేదు, గాజుసీసాతో వత్తింది.
మైదా, ఆవిన్ పాలు, చిటికెడు ఉప్పు.
పళ్లెమంత రొట్టె, మధ్యలో రెండు గాట్లు.
నూనెలో పడీపడగానే
తొలకరికి ఇసుక లేచినట్టు బుడగలు.
"పూరీయేగా" అన్నాను.
తల అడ్డంగా ఊపి, వేళ్లు చూపింది: ఏడు.

ఎందుకంటే ఫోను నా మొహం ముందు పెట్టింది.
అది తన ప్రాణంలేని తెలుగులో
"చనిపోయిన వారికి నూనె వాసన విడుదల చేయవలెను" అంది.
ఇద్దరం నవ్వాం.
తర్వాత నవ్వలేదు.

మా కావలి వైపు తద్దినానికి గారెలు వేస్తారు.
నూనె కాగితే చాలదు,
కాకి రావాలి. కొడుకు ఉండాలి.
మా అమ్మకి ముగ్గురం, ముగ్గురమూ ఆడపిల్లలమే.
పద్దెనిమిదేళ్లుగా
ఏ కాకీ ఆమె పేరు వినలేదు.

ఒక్కో రొట్టె వదులుతూ ఎవరెవరినో తలుచుకుంది ఆయమ్మ.
అత్త అనుకుంటా ఒకరు, గుర్రం మీదనించి పడ్డ అన్న ఒకరు.
ఐసీయూలో ఉన్న మొగుడి పేరు మాత్రం
ఆ పొయ్యి దరిదాపులకి రానివ్వలేదు.

ఏడోది మిగిలింది.
గరిటె నా చేతిలో పెట్టి కళ్లతో అడిగింది.
"పేరిందేవమ్మ" అన్నాను.
గొంతులో ఎప్పుడో ఇరుక్కున్న మాట, గట్టిగానే వచ్చింది.
నూనె చిమ్మి మణికట్టు కాలింది.

ఫ్యాను తిరగదు, కిటికీ తీశాను.
వాసన ఆటోల మీదుగా, మందులషాపు పచ్చ బోర్డు మీదుగా
ఎటు పోయిందో, గడ్డిమైదానాలకో, మా ఊరి కట్టమీదికో.
"ఎన్నమ్మా వాసనై!" అని కిందనించి మేనేజరు.
ఆయనకో రొట్టె. వాచ్‌మన్‌కి ఒకటి.
పక్కగది ఢాకా ముసలాయనకి రెండు.
పంచకపోతే చేరదంట.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు, నీరసంగా గోడ పట్టుకుని.
"గారెల వాసనొస్తందే, ఎవరి తద్దినం?"
రొట్టె తుంచి అరచేతిలో పెట్టాను.
"మాయమ్మది."
"ఎవరు పెట్టారు?"

చెప్పలేదు.
మణికట్టు మీద పొక్కు చూసి
ఆయనే బర్నాల్ వెతుకుతున్నాడు.