తలుపు లేని లారీ

షరాఫ్ బజారులో నా దుకాణం మూడడుగుల వెడల్పు.
గోడకు పదకొండు గడియారాలు, పదకొండు టైములు.
వీటిలో ఏది కరెక్టని గిరాకీ అడిగితే
నా మణికట్టు చూపిస్తాను.

పత్తి సేటు కొడుకు బొంబాయి నుంచి తెచ్చుకున్న అట్టపెట్టె ఇది.
నాలుగు ముక్కలు అంటించి, విసుగొచ్చి వదిలేశాడంట.
రిపేరు బాకీ కింద జమ చేసుకోమన్నాడు సేటు.
మూత మీద ఇసుక చిమ్ముకుంటా వస్తున్న మిలిటరీ లారీ.
లోపల చేపముల్లు లాంటి ప్లాస్టిక్ కమ్మీలకు
కరుచుకున్న రెండొందల పన్నెండు ముక్కలు.
నిజం లారీలో ముప్పై అయిదో వంతు.

భూతద్దం కంటికి బిగించి
వాచీల చిమటాతోనే ఒక్కో నట్టూ పట్టుకున్నాను.
గడియారం పండ్లచక్రాలు చెప్పిన మాట వింటాయి.
ఇవి అట్లా కాదు, ఎగిరిపోయి స్టూలు కింద దాక్కుంటాయి.
ఒక ఇరుసు రెండు రోజులు దొరకలేదు,
మూడో రోజు నా చెప్పు అడుగున కరుచుకుని ఇంటికొచ్చింది.

దాన్ని ఏరి నా చేతిలో పెడతా ఖాజాబీ అనింది:
"పాపకు బడి బూట్లు ల్యావు, నీకు లారీ కావల్నా?"
దానికి నా దగ్గర జవాబు లేదు.
ఆరు టైర్లు మాత్రం ఉన్నాయి.

రంగులు పెట్టెలో రాలేదు.
సైకిల్ షాపు చంద్రప్ప దగ్గర మిగిలిన ఆకుపచ్చలో
కిరసనాయిలు బుడ్డి మసి కలిపాను.
టార్పాలిన్‌కు మా నాయన పాత చొక్కా జేబు,
డికాషన్‌లో రెండు పూటలు నానబెట్టి.
మట్టి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు:
ముసురు పట్టిన వారం, యార్డుకు పోయే పత్తి లారీలు
చక్రాలతోనే నల్లరేగడి తెచ్చి నా గుమ్మంలో దింపిపోతాయి.
గీకి, ఎండబెట్టి, వోణీ గుడ్డలో జల్లించి
మడ్‌గార్డుల కింద పూశాను.
ఆరినాక అదీ పగుళ్లిచ్చింది
చేనులాగే, తన కొలతకు.

తుపాకులు కూడా ఉండినాయి, అయిదు.
వాటిని కమ్మీ నుంచి తుంచలేదు. ఎందుకో, చేయి పోలేదు.

మద్దిలేటి తాత నెలకోసారి వస్తాడు
వాచీ చెడిపోయిందని.
చావి ఇచ్చి చేతిలో పెడతాను, అంతే రిపేరు.
ఆ రోజు అద్దాల బీరువాలో లారీ చూసి
వాచీ సంగతే ఎత్తలేదు.
బర్మా కథ ఆదోనిలో సగం మందికి నోటికొచ్చు,
జలగలు, జోరువాన, జపానోళ్ల విమానాలు.
స్టూలు జరిపి, మళ్లీ వినడానికి కూచున్నాను.
తాత ఏమీ చెప్పలేదు.
ముక్కు అద్దానికి ఆనించి చానాసేపు చూశాడు.
ఊపిరికి మసకబారితే పైగుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు.

"దస్తగిరీ, డ్రైవరు పక్క తలుపు తీసేయప్పా."

"మూడు రాత్రులు పట్టింది తాతా, ఆ తలుపుకు."

"మాకు ఉండ్లేదు. మేమే పీకేస్తిమి.
లోయ పక్క బండి జారితే దూకల్ల గదా."

వీధిలో పత్తి బేళ్ల లారీ పోయింది.
పదకొండు గడియారాలూ గోడమీద కొంచెం కదిలినాయి.

"నేను దూకితి," అన్నాడు.
"పక్కన కూచున్నోని తలుపు పీకల్యా.
చలి అనె, వాడు."

రాత్రి షట్టరు సగం దించి
బ్లేడుతో కుడి తలుపు విడదీశాను.
కొంచెం రంగు లేచింది, లేచినంత మేర అట్లే వదిలేశాను.
ముల్లులూడిన వాచీల సొరుగులో ఉంది ఆ తలుపు.
సేటు కొడుకు చూసి, "విరిగిపోయిందే!" అన్నాడు.
అవునన్నాను.

మరుసటి నెల తాత వచ్చి లారీ చేతికి అడిగాడు.
రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు, పిట్టపిల్లను పట్టుకున్నట్టు.
తలుపు లేని పక్క చూడలేదు.
ఇటు తిప్పి, బొటనవేలి గోరుతో
ఎడమ తలుపును మెల్లగా నెట్టి చూశాడు.

"అతుకుపాయనా?"

"అతుక్కుంది తాతా."

"ఊ."

లారీ నా బల్ల మీద దించి
చక్రాలు నేరుగా ఉన్నాయో లేదో వంగి చూసి
వాచీ ఇయ్యకుండానే పోయాడు.