ఎవరి పోలిక

పాప పుట్టిన మూడోనాడు
పొందూరు నేతవీధి అంతా మా గుమ్మంలోనే ఉంది.
తలనిండా అప్పుడే ఏకిన దూదిలాంటి జుత్తు,
కనుబొమలు ఉన్నాయో లేవో వేలితో తడిమి చూడాలి.
"గెహణం నాడు బైటికెల్లినాదేటి?" అంది ఒకామె.
బొల్లి అంది ఇంకొకామె.
మూడో ఆమె ఏమీ అనలేదు.
నా వంకా, మా నీలవేణి నల్లజడ వంకా,
మళ్లీ నా వంకా చూసింది.

ఆ చూపుకి జవాబు దొరకడానికి
నాకు రెండేళ్లు పట్టింది.

నేతగాణ్ణి. నాకు తెలిసిన లెక్క ఒకటే:
పడుగు నాది, పేక ఆమెది,
నలుపూ నలుపూ కలిస్తే నలుపు.
రెండు రంగులు ఒక్క కాగులో పోస్తే
మూడోది పుడుతుంది, మొదటివి రెండూ చస్తాయి.
నెత్తురూ అంతే అనుకున్నాను.

దమయంతి టీచరు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది.
పంచెల జత కొనడానికొచ్చి బేరం మరిచిపోయి
మగ్గం గోతి గట్టున కూర్చుంది.
"కాగు కాదయ్యా, కండె" అంది.
"రంగు కరుగుతుంది. నూలు కరగదు.
ఒక్కో గుణానికీ మనిషి లోపల రెండు పోగులు,
అమ్మిచ్చింది ఒకటి, అయ్యిచ్చింది ఒకటి.
నల్లపోగు ఒక్కటున్నా పైకి అదే కనబడుతుంది.
తెల్లపోగు దాని చాటున ఊరుకుంటుంది.
ఊరుకోవడం అంటే లేకపోవడం కాదు."

సుద్దముక్కతో నేలమీద నాలుగు గళ్లు గీసింది.
గళ్ల తువ్వాళ్లు నేసినవాణ్ణి, గళ్లు నాకు కొత్తా?
పై అంచున నన్ను రాసింది, పక్క అంచున నీలవేణిని.
నాకో నలుపు, నాకో తెలుపు.
ఆమెకో నలుపు, ఆమెకో తెలుపు.
మూడు గళ్లు నల్లజుత్తుతో నిండాయి.
నాలుగో గడిలో
మా పాప కూర్చుని ఉంది.

"అయితే ఇంక పుట్టే ముగ్గురూ నల్లజుత్తోళ్లే కదా?"
లెక్క పట్టేసినవాడిలా అడిగాను.
నవ్వింది. "గడికి జ్ఞాపకం ఉండదు.
ప్రతి కడుపుకీ గవ్వలు మళ్లీ మొదట్నించి వెయ్యాలి."

తెల్లపోగు ఇద్దరి దగ్గరా ఎలా ఉందంది.
నాకు మాట రాలేదు.
నీలవేణి మా మేనమామ కూతురు.
ఒకే కండె
రెండిళ్లలో విప్పి, మా పెళ్లినాడు
మళ్లీ ముడేశారు.

ఆ రాత్రి అమ్మ దూది ఏకుతూ ఆగింది,
వాలుగ చేప దవడ చేతిలో అలాగే ఉండిపోయింది.
"మా అయ్యకి ఓ తమ్ముడుండేవోడురా. దొర అనేవోరు.
ఎండ సూడలేక సీకటి పడ్డాక మగ్గం ఎక్కేవోడు.
నూలు ఎన్నో నంబరో సేత్తో తడిమి సెప్పేసేవోడు.
ఆడి మాటెత్తితే ఆడపిల్లలకి సంబంధాలు రావని
మేమే ఇంట్లోంచి తుడిసీసినాం."
పేరేటి అన్నాను.
నాలుగు ఏకులు చుట్టాక చెప్పింది,
"అప్పలసూరి."

మనుషులం తుడిచాం. పోగు తుడవలేదు.
తాత నల్లజుత్తు చాటున, అమ్మ నల్లజుత్తు చాటున,
నా నల్లజుత్తు చాటున
ఒక్క మరకైనా అంటకుండా నడిచొచ్చింది.

పాపకిప్పుడు ఆరేళ్లు.
కళ్లకి చలవద్దాలు, చేతులు నిండా చొక్కా,
తలమీద నేను నేసిన ఖద్దరుతో
వాళ్లమ్మ కుట్టిన వెడల్పంచు టోపీ.
సికాకుళం కంటాసుపత్రికని
చిలకపాలెం జంక్షన్లో బస్సుకోసం నిలబడ్డాం.
చేపలబుట్ట దించుకుంటూ ఒక ముసలమ్మ
వంగి టోపీ కిందికి చూసింది.
"గుంట ఎవరి పోలిక బాబూ?"

"మా చినతాత అప్పలసూరి పోలిక" అన్నాను,
బస్సు హారన్ని మించి.

పాప నా చెయ్యి లాగింది.
"ఆ తాతకీ టోపీ ఉండేదా నాన్నా?"

లేదమ్మా.
ఎవరూ నెయ్యలేదు.